నూకరాజు పొగ, సిస్టరమ్మ కారు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పొద్దుటి సైరన్ మోగేసరికి సుజాతమ్మ కారు తుడుస్తూ ఉండేది. కారంతా తుడిచేది కాదు. బయటి దుమ్ము సంగతి వాన చూసుకుంటుందని వదిలేసేది. ఆవిడ తుడిచేది లోపలున్న డ్యాష్‌బోర్డు ఒక్కటే. పాత తెల్లచీర ముక్క నీళ్ళలో ముంచి, చుక్క కారకుండా పిండి, ఎడమ చివర్నుంచి కుడి చివరిదాకా ఒక్కసారి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దేది. నూనె రాసేది కాదు. మెరుపు పాలిషులు దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ తరవాత లోపల వేడి నిలవకుండా కిటికీలు రెండూ వేలెడంత దించి, అప్పుడు వెళ్ళి టీ పెట్టుకునేది.

అది అరవయ్యారులో తయారైన హెరాల్డ్. రెండు తలుపులు, మీగడ రంగు. ఎరిక్ అనే గార్డు రిటైరై, కళ్ళు మసకబారాక, ఆసుపత్రిలో కొత్తగా నర్సుగా చేరిన సుజాతమ్మకి అమ్మేడు. ఆ కాలనీలో కారు నడిపిన మొదటి ఆడమనిషి ఆవిడే. నొప్పులొచ్చిన వాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో ఆ కారులోనే నలుగురు పుట్టేరు. వాళ్ళలో ఒకామెకి ఇప్పుడు కాలేజీకెళ్ళే కూతురుంది. పెళ్ళి చేసుకోలేదు సుజాతమ్మ. అరవయ్యారేళ్ళు వచ్చినా ఊరంతా ఆవిణ్ణి సిస్టరమ్మ అనే పిలిచేవారు.

ఆ కారుకి డ్యాష్‌బోర్డు చెక్కతో చేసింది. అక్రోటు చెక్క. మధ్యలో స్పీడు చూపించే గుండ్రటి అద్దం, పక్కన సామాన్లు పెట్టుకునే చిన్న అర, మిగతాదంతా తేనెరంగులో పారే నీళ్ళలాంటి గీతలు. సుజాతమ్మ దాన్ని పలక అనేది. ఇంజను రెండుసార్లు విప్పించింది, సీట్లు మూడుసార్లు కుట్టించింది. పలక మాత్రం అసలుదే.

పోయినేడు గాలివానకి క్వార్టరు పక్కనున్న నిద్రగన్నేరు చెట్టు కూలిపోయింది. కారు మీద పడలేదని అందరూ సంతోషించేరు. మార్చి వచ్చేక తెలిసింది ఏం పోయిందో. పది గంటల నుంచి నాలుగింటి దాకా ఎండ ముందద్దంలోంచి తిన్నగా పలక మీద పడేది. ఒకరోజు మధ్యాహ్నం వరండాలో కూర్చుని బియ్యం ఏరుకుంటుంటే కారులోంచి టప్‌మని చిన్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే స్పీడు అద్దం పక్కనుంచి వెంట్రుకంత గీత బయలుదేరి ఉంది.

ఆవిడ కృపారావుని పిలిపించింది. కృపారావు రైలుపెట్టెలు బాగుచేసే క్యారేజి షాపులో ముప్ఫై అయిదేళ్ళు వడ్రంగం చేసి రిటైరైన మనిషి. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, గోటితో పలకంతా తట్టి చూసేడు.

"బీట కాదు సిస్టరమ్మా, ఇంకా గీతే. పైపొర ఎండిపోయి లోపలి చెక్కని వదిలేస్తంది. జిగురు పెట్టి కూర్చోబెడతాను. గాని రెండు నెలలు దీనికి ఎండ తగలకూడదు. తగిలితే ఈసారి నిలువునా చీలిపోతాది."

"టార్పాలిన్ కప్పేస్తేనో?"

"కప్పితే కారు ఇడ్లీపాత్ర అవుతాది. దీనికి గాలి కావాల, ఎండ వొద్దు. చెట్టునీడ లాంటిది ఉంటే..."

ఇద్దరూ చెట్టు ఉండే చోటు వేపు చూసేరు. ఆ తరవాత కృపారావు సందుకి అవతలున్న ఇంటి కప్పు వేపు చూసేడు.

"అటు చూడకు, అన్నా" అంది సుజాతమ్మ.

అటు నూకరాజు ఇల్లు. ఇంటి మీద నూకరాజు పొగ.

నూకరాజు స్టీము ఇంజన్ల మీద బొగ్గు వేసే ఫైర్‌మేన్‌గా చేసేవాడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ ఇంజన్లని ఆపేసిన రోజున, ఆఖరిసారి నిప్పు దించి, చేతులు కడుక్కుని ఇంటికి బయలుదేరితే, ఇంజను గొట్టంలోంచి వచ్చిన ఆఖరి పొగ ఆయన వెనకాలే నడిచి వచ్చేసింది. అప్పట్నుంచీ ఆయనతోనే ఉంది. పెళ్ళిపందిరంత వెడల్పు, తాటిచెట్టంత ఎత్తున, ఆయన ఎక్కడుంటే అక్కడ. ఎంత ఎండలోనైనా దాని కింద చల్లగా, కొంచెం బొగ్గు వాసనగా ఉండేది. పోస్టుమేన్ ఉత్తరాలు సర్దుకోవడానికి ఆ నీడలోనే సైకిలాపేవాడు. గాలి ఎటుందో చూసుకుని ఆడవాళ్ళు బట్టలారేసుకునేవారు.

ఒకేడు ఆ గాలే ఉన్నట్టుండి తిరిగింది. దండెం మీద ఆరేసిన సుజాతమ్మ తెల్లచీరలు పదకొండింటి మీదా మసి రాలింది. మర్నాడు డ్యూటీకి కట్టుకోడానికి ఒక్కటి మిగల్లేదు. సందులోకి వచ్చి ఆవిడ అంది, "పెంచుకున్నవాళ్ళకి కట్టేసుకోవడం కూడా తెలియాల" అని. నూకరాజు అరుగు మీంచి అన్నాడు, "ఎప్పుడూ సచ్చినోళ్ళింట్లో లాగ తెల్లసీరలేటి" అని. పెళ్ళి చేసుకోని మనిషికి ఆ మాట ఎక్కడ తగిలిందో ఆ క్షణాన ఆయనకి తెలీలేదు. ఇరవయ్యారేళ్ళుగా ఆ సందుకి ఇటు ఆవిడా అటు ఆయనా మాటల్లేకుండా ఉన్నారు.

సుజాతమ్మ మూడు రోజులు ఆలోచించింది. మే ఆఖర్లో కారుకి ఇన్‌స్పెక్షన్ ఉంది. పాతబళ్ళ కింద కొత్తగా రిజిస్ట్రేషన్ ఇస్తారట, అయితే అన్నీ అసలువే ఉండాలట, చెడిపోకుండా ఉండాలట. ఇవ్వకపోతే కారు తుక్కుకి పోవాల్సిందే. నాలుగోరోజు ఆవిడే కృపారావుని పంపించింది.

కృపారావు సందు దాటి వెళ్ళి, సందు దాటి వచ్చేడు.

"పొగ నూకరాజు మాట వినదంట. ఆయనెక్కడుంటే అక్కడుంటాదంట. కాబట్టి ఆయనే వొచ్చి కారు పక్కన కూర్చోవాల. కుర్చీ నువ్వు వెయ్యాలంట."

"కుర్చీ వేస్తాను. మాట్లాడమని మాత్రం అడక్కు."

"ఆయనా అదే అన్నాడు."

ఏప్రిల్ మొదటి తారీకున, కృపారావు పలకకి జిగురు పెట్టిన మర్నాడు, నూకరాజు పది గంటలకి పంచె బిగించుకుని సందు దాటేడు. పొగ ఆయన వెనకాలే దాటింది. ఆయన కుర్చీలో కూర్చుని పైకి చూసి, కిందకి చూసి, కుర్చీ ఒక మూర ఎడమకి జరిపేడు. పొగ నీడ ముందద్దం మీదకి వచ్చింది. పన్నెండింటికి లేచి ఇంకో మూర జరిపేడు. ఒకప్పుడు ఆవిరి గేజీని ఎలా చూసేవాడో అలాగే ఆ రోజంతా ఎండని చూస్తూ కూర్చున్నాడు. నాలుగింటికి లేచి ఇంటికెళ్ళిపోయేడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

మొదట్లో ఏం కావాలన్నా కృపారావు ద్వారానే. తరవాత కృపారావు సుభాష్‌పల్లిలో కూతురింటికి ఇరవై రోజులు వెళ్ళవలసి వచ్చింది. ఆ మర్నాడు సుజాతమ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చి కారు బోనెట్ మీద పెట్టి, పైకి చూసి అంది.

"పొగా, మజ్జిగ పెట్టినాను. ఎవరైనా తాగుతారేమో అడుగు."

నూకరాజు తాగేడు. గ్లాసు బోనెట్ మీద పెట్టి ఆయనా పైకే చూసేడు.

"పొగా, ఉప్పు తగ్గినాదని సెప్పు."

"ఆ వయసులో ఉప్పు తగ్గితేనే మంచిదని చెప్పు. పాదాలు చూసుకున్నారో లేదో, సాయంత్రానికి బూరెల్లాగ పొంగుతున్నాయని కూడా చెప్పు."

నూకరాజు పాదాలు చూసుకున్నాడు. నిజమే. మర్నాడు ఆవిడ లోపలి నుంచి ముక్కాలిపీట తెచ్చి కుర్చీ ముందు పెట్టింది. కాళ్ళు దాని మీద పెట్టుకున్నాడు. రక్తపోటు చూసే మిషను తెచ్చి, చెయ్యి చాపమని పొగకి చెప్పింది. చెయ్యి చాపేడు. రెండు వారాలు ఇలా పొగతో మాట్లాడుకునేసరికి, పొగకే విసుగొచ్చినట్టు ఒక రోజు కాస్త పైకి వెళ్ళి నిలబడింది.

ఆ రోజే నూకరాజు ఆవిడ మొహంలోకి చూసి అడిగేడు.

"ఆ పదకొండు సీరలూ ఏటయినాయి సిస్టరుగారూ? మసి వొదిలినాదా?"

సుజాతమ్మ పలక తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"తొమ్మిదింటికి వదిలింది. రెండింటికి వదల్లేదు. వాటిని చించి గుడ్డలు చేసుకున్నాను." చేతిలో గుడ్డ చూపించింది. "ఇది వాటిల్లోదే."

నూకరాజు ఆ గుడ్డ తీసుకుని చూసేడు. అంచున ఇంకా బూడిదరంగు మచ్చ ఉంది. దాన్ని మడత పెట్టి తిరిగి ఇచ్చేడు.

"ఆ రోజు నేనన్న మాట మంచిది కాదు. అనీసి ఇంట్లోకెళ్ళి కూర్సున్నాక తెలిసినాది. వొచ్చి సెప్దామంటే మీ తలుపేసి ఉండేది."

"తలుపు కొట్టొచ్చు కదా, ఇరవయ్యారేళ్ళు."

"కొట్టొచ్చు" అని ఒప్పుకున్నాడు నూకరాజు.

ఇద్దరికీ నవ్వొచ్చింది. అక్కడ్నుంచి మాటలు ఆగలేదు. ఎండ గురించి, ఎరిక్ గార్డు గురించి, గోల్‌బజార్‌లో మూసేసిన దుకాణాల గురించి. కృపారావు తిరిగొచ్చేసరికి కారు పక్కన రెండు కుర్చీలున్నాయి. ఆయన మూడోది తెచ్చుకుని కూర్చున్నాడు.

ఒకరోజు నూకరాజు తన అక్క సంగతి చెప్పేడు. ఆవిడ పేరు అప్పలకొండ. ఎనభై ఏళ్ళు. చక్రధర్‌పూర్‌లో ఉంటుంది. ఆవిడ భర్త సూరిబాబు, నూకరాజు పనిచేసిన ఇంజనుకే డ్రైవరు. బావ ఆవిరి వదిలే రెగ్యులేటరు తిప్పేవాడు, బావమరిది బొగ్గు వేసేవాడు. ఆఖరి రోజున బావ ఇంజను ఎడమవేపు దిగేడు, తను కుడివేపు దిగేడు. పొగ తన వెనకాల వచ్చింది. బావ తరవాత డీజిల్ ఇంజన్ల మీదకి మారి చక్రధర్‌పూర్ వెళ్ళిపోయేడు. ఆయన చనిపోయి పదకొండేళ్ళయింది.

"అక్కే ఏడాదికోసారి వొచ్చేది. అయిదేళ్ళయినాది, మోకాళ్ళు పడిపోయి రాలేకపోతంది. రోజూ ఫోన్ల మాటాడతాది."

"మీరు వెళ్ళొచ్చు కదా. రైల్లో నాలుగ్గంటల ప్రయాణమే."

నూకరాజు పైకి చూపించేడు.

"దీనితో రైలెక్కనివ్వరు. మొదట్ల ఒకసారి ప్లాట్‌ఫాం మీదకెళ్తే పైనున్న తీగలకి మసి పట్టి టపటపమని మెరుపులొచ్చినాయి. అందరూ మర్యాదగానే సెప్పినారు, ఇంక రాకు నూకరాజూ అని. ముప్ఫై ఏళ్ళ నుంచి నేను రైలెక్కలేదు. బస్సు కూడా రెండుసార్లు సూసినాను. బండి కాలిపోతందని దారిన పోయేవాళ్ళు కేకలేసి ఆపీసినారు."

రైల్వేలో పుట్టి రైల్వేలో పెరిగిన మనిషి రైలెక్కకుండా ముప్ఫై ఏళ్ళున్నాడని సుజాతమ్మకి అప్పటిదాకా తెలీదు. పలక వేపు చూసింది. జిగురు పెట్టిన గీత ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

మే ఆఖర్లో ముగ్గురూ కారులో ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళేరు. సుజాతమ్మ నడిపింది, నూకరాజు పక్కన, కృపారావు వెనక. పొగ పైన. ఇన్‌స్పెక్టరు ఒక బెంగాలీ కుర్రాయన. బోనెట్ ఎత్తి నంబరు చూసుకున్నాడు, టైర్లు తన్ని చూసేడు. తలుపు తీసి పలక ముందు వంగి చాలాసేపు ఉండిపోయేడు. వేలు పెట్టి మెల్లగా రాసేడు.

"ఇది అసలుదేనా దీదీ? మా తాతగారి కారుకి ఇలాంటిదే ఉండేది. ఎండకి పగిలిపోతే తీసేసి రేకు పెట్టించేడు. చిన్నప్పుడు దాని మీద వేలితో నదులు గీసేవాణ్ణి."

"అసలుదే. గియ్యి, ఫరవాలేదు" అంది సుజాతమ్మ.

ఆయన ఒక గీత వెంట వేలు నడిపించి, సిగ్గుపడి నిలబడి, కాగితాల్లో ఏదో రాసుకున్నాడు. తరవాత పైకి చూసేడు.

"ఈ పొగ బండిదా?"

"బండిది కాదు దాదా, నాది" అన్నాడు నూకరాజు.

"బండిది కాకపోతే ఠీక్ హై" అని ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టేడు.

తిరిగొచ్చే దారిలో ఖరిదా బజారులో ఆగి రసగుల్లాలు తిన్నారు. కృపారావు నాలుగు తిన్నాడు. సుజాతమ్మ చేతులు తుడుచుకుంటూ అంది.

"బుధవారం పొద్దున్న అయిదింటికి తయారుగా ఉండండి."

"ఎక్కడికి?" అన్నాడు నూకరాజు.

"చక్రధర్‌పూర్‌కి. రైలుగేట్ల దగ్గర తీగల కింద నుంచి వెళ్ళకుండా వంతెనల మీద నుంచే దారి చూసుకున్నాను. నా కారు పక్కన పొగ వస్తుంటే ఎవడాపుతాడో నేనూ చూస్తాను."

నూకరాజు చేతిలో రసగుల్లా గిన్నెలోకి జారిపోయింది.

బుధవారం సుజాతమ్మా నూకరాజూ బయలుదేరేరు. హెరాల్డ్ నలభై మీద నడిస్తే పొగకి సరిపోయింది. యాభై దాటితే వెనకబడిపోయేది. అప్పుడు సుజాతమ్మ పక్కకి ఆపేది, నూకరాజు దిగి చెయ్యూపేవాడు, అది రొప్పుతున్నట్టు ముక్కలు ముక్కలుగా వచ్చి ఒక్కటయ్యేది. లారీవాళ్ళు కిటికీలోంచి తలలు పెట్టి, కాలుతోంది కాలుతోంది అని చెప్పి వెళ్ళేవారు. ఆవిడ అందరికీ చెయ్యూపి నవ్వేది. ఘాట్‌సిలా దగ్గర పులిహోర తిన్నారు. టాటానగర్ దాటేసరికి ఎండ ఎదురొచ్చింది. పొగ తనంతట తనే ముందుకి జరిగి అద్దం మీద నీడ పట్టింది.

అప్పలకొండ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కారు కంటే ముందు ఆవిడకి పొగే కనిపించింది.

"ఈదిలోకి రైలొచ్చినాదేటి" అంది.

నూకరాజు దిగి వెళ్ళి ఆవిడ పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఆవిడ తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి, జుట్టంతా తెల్లబడిపోయినాదేటిరా అని తిట్టింది. అంతలో పొగ కిందకి దిగింది. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ తాటిచెట్టు ఎత్తు కంటే కిందకి దిగనిది, వరండా మెట్లెక్కి, పెంపుడుకుక్కలా ముసలామె కుర్చీ చుట్టూ చుట్టుకుని, మోకాళ్ళ మీద తల పెట్టింది.

అప్పలకొండ కళ్ళు మూసుకుని వాసన చూసింది.

"మీ బావ సొక్కా ఇలాగే ఉండేది. ముప్ఫై ఏళ్ళు ఉతికినాను ఈ వాసనని. ఉతకడానికి ఏటీ లేక పదకొండేళ్ళయినాది." మోకాళ్ళు నిమురుకుంది. "మోకాళ్ళకి కాపడం పెట్టినట్టున్నాదిరా."

అక్కడ రెండు రోజులున్నారు. అప్పలకొండ సుజాతమ్మ చెయ్యి వదల్లేదు. తమ్ముడు చిన్నప్పుడు చేసిన వెధవపనులన్నీ చెప్పింది, సుజాతమ్మ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. రెండోరోజు సాయంత్రం ముసలామె కుర్చీ చేతులు పట్టుకుని లేచి, పొగని ఆనుకుని, గేటుదాకా నడిచి వచ్చింది. అయిదేళ్ళలో ఆవిడ గేటు దగ్గరికి రావడం అదే మొదటిసారి. వీధిలో వాళ్ళు నమస్కారం పెట్టేరు.

బయలుదేరే రోజు పొద్దున్న నూకరాజు గేటు దగ్గర నిలబడి పైకి చూసేడు. ఆకాశం ఖాళీగా ఉంది. వరండాలోకి చూసేడు. పొగ అక్క కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. ఆయన చెయ్యూపేడు. అది కదల్లేదు. అప్పలకొండ రమ్మనలేదు, పొమ్మనలేదు, చీరకొంగు వేలికి చుట్టుకుంటూ ఊరుకుంది.

నూకరాజు లోపలికెళ్ళి పొగలో చెయ్యి పెట్టేడు.

"ఉండు. ఇక్కడే ఉండు" అన్నాడు. "అక్కా, బట్టలారేసినప్పుడు గాలి సూసుకో."

కారులో కూర్చున్నాక మసి అంటిన అరచెయ్యి కేసి చూసుకుంటూ ఉండిపోయేడు. సుజాతమ్మ కారు తిన్నగా స్టేషన్ ముందుకి తీసుకెళ్ళి ఆపింది.

"ఏటి ఇక్కడ?"

"పైన ఏమీ లేదు కదా ఇప్పుడు మీకు. ఎక్కండి. ముప్ఫై ఏళ్ళయింది. ఖరగ్‌పూర్ పోయే రైలు పావుగంటలో ఉంది. సాయంత్రం ఇంటి దగ్గర కలుద్దాం."

నూకరాజు పైకి చూసేడు, స్టేషన్ వేపు చూసేడు. దిగి, చొక్కా సర్దుకుని, లోపలికి వెళ్ళేడు. నడక కాదది, ఇరవయ్యేళ్ళ కుర్రాడి పరుగులా ఉంది. సుజాతమ్మ అక్కడే ఉండి రైలు వచ్చి ఆగిన చప్పుడు విన్నది. కాసేపటికి కారు తిప్పుకుంది. తిప్పగానే పొద్దుటి ఎండ ఎదురుగా వచ్చి పలక మీద నిండా పడింది. అట్టముక్క అడ్డం పెడితే దారి కనిపించదు. సరేలే, నెమ్మదిగా పోదాం అనుకుంటుంటే పక్కతలుపు తెరుచుకుంది.

నూకరాజు. చేతిలో టిక్కెట్టు ఉంది.

"రైలెక్కలేదా?"

"ఎక్కినాను. కూర్సున్నాను కూడాను. కిటికీ పక్కనే దొరికినాది."

"మరి?"

నూకరాజు పలక మీద పడ్డ ఎండని చూసి, లోపలికొచ్చి కూర్చుని, తలుపేసుకున్నాడు.

"మీరు తూర్పుకి పోవాల గదా" అన్నాడు.

మెడలో ఉన్న గంచా తువ్వాలు తీసి, దులిపి, పలక మీద ఈ చివర నుంచి ఆ చివరికి పరిచేడు. కిటికీ గాలికి ఎగురుతుంటే రెండు చేతులతోనూ రెండు కొసలు పట్టుకుని కూర్చున్నాడు.

"టాటా వెళ్ళేసరికే చేతులు పడిపోతాయి" అంది సుజాతమ్మ, గేరు వేస్తూ.

"బొగ్గేసిన సేతులండి ఇవి."

ఊరు దాటి కొంత దూరం పోయేక రోడ్డు పక్కకి పట్టాలొచ్చేయి. వెనకనుంచి వచ్చిన రైలు వాళ్ళని దాటుకుని వెళ్తోంది. ఒక పెట్టెలో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. పక్క కిటికీల్లోంచి పిల్లలు పాతకారుని చూసి చేతులూపేరు. నూకరాజుకి చెయ్యూపడానికి వీలు లేకపోయింది. ఆయన బదులు సుజాతమ్మే హారన్ కొట్టింది, రైలు ఆఖరి పెట్టె దాటేదాకా.